ఏడాదికి ఒక్కసారే జీతం: నెబ్రాస్కా ఇసుక దిబ్బల్లో రాంచ్ కుటుంబం ఎలా నడుస్తుంది

జూన్ 10న ఆబోతుల్ని మందలోకి వదిలితే మార్చి 20 నాటికి తొలి దూడలు నేల మీద పడతాయి. ఆవు చూడి కాలం సగటున 283 రోజులు. ఒక వారం ఇటూ అటూ అయినా లెక్క పెద్దగా తప్పదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, శాండ్‌హిల్స్ అని పిలిచే ఇసుక దిబ్బల నేలలో, రాంచ్ అనే పెద్ద పశుక్షేత్రాల్లో మాంసం పశువుల్ని పెంచి బతికే కుటుంబాలకు ఇంటి పనులన్నీ ఈ రెండు తేదీలను బట్టే కుదురుతాయి. పెళ్లి ఏ నెలలో పెట్టుకోవాలి, మోకాలి ఆపరేషన్ ఎప్పటికి వాయిదా వేయాలి, బ్యాంకు అప్పు ఎప్పుడు తిరగరాయించుకోవాలి, పట్నంలో ఉన్న చెల్లెలు పిల్లలతో ఎప్పుడు వచ్చి వెళ్లాలి అన్నవన్నీ ఆబోతుల తేదీ చూసుకున్నాకే తేలతాయి.

శాండ్‌హిల్స్ విస్తీర్ణం దాదాపు 50 వేల చదరపు కిలోమీటర్లు. గడ్డి వేళ్లు పట్టి ఉంచిన ఇసుక దిబ్బలవి. 1904లో వచ్చిన కింకెయిడ్ చట్టం కింద పశ్చిమ నెబ్రాస్కాలో ఒక్కో కుటుంబానికి 640 ఎకరాల దాకా ప్రభుత్వ భూమి ఇచ్చారు. వచ్చినవాళ్లలో చాలామంది నాగలి పెట్టారు. గడ్డి తెగిన చోట గాలికి ఇసుక లేచిపోయి గుంటలు పడ్డాయి, పంట నిలవలేదు. చివరికి ఆ భూములు పశువుల కిందికే వచ్చాయి. ఇక్కడ ఒక ఆవు, దాని దూడ ఏడాది పొడవునా బతకాలంటే సుమారు 15 నుంచి 20 ఎకరాల మేపు కావాలి. 400 ఆవులున్న కుటుంబానికి అంటే 6 వేల నుంచి 8 వేల ఎకరాలు. వినడానికి జమీందారీలా ఉంటుంది కానీ అంత నేల మీద నిలబడేది ఒకటి రెండు కుటుంబాల బతుకే. ఈ ప్రాంతంలోని చెర్రీ కౌంటీ మన పాత ఖమ్మం జిల్లా అంత ఉంటుంది, జనాభా మాత్రం 5,500కు అటూ ఇటూ. ఆ కౌంటీలోనే తూర్పు సగానికి ఒక టైము, పడమటి సగానికి గంట వెనక టైము. బడికీ ఆస్పత్రికీ వేళ చెప్పేటప్పుడు ఏ టైమో కూడా చెప్పుకోవాలి.

మందలు ఎక్కువగా ఆంగస్, హెర్‌ఫర్డ్ జాతులు, వాటి సంకరాలు. మన ఒంగోలు జాతి రక్తం అమెరికాలో లేకపోలేదు. బ్రాహ్మన్ అనే అమెరికా జాతిని గిర్, గుజరాత్ పశువులతోపాటు ఒంగోలు పశువుల్నీ కలిపి తయారుచేశారు. అది టెక్సాస్, ఫ్లోరిడాల ఉక్కపోతకు, గోమార్లకు తట్టుకుంటుంది కానీ సున్నాకి 25 డిగ్రీలు కిందికి దిగే నెబ్రాస్కా చలికి పనికిరాదు.

82 రోజుల గడువు

ప్రతి ఆవూ ఏడాదికి ఒక దూడ ఇవ్వాలి. 365 రోజుల్లోంచి 283 తీసేస్తే మిగిలేది 82. ఈనిన 82 రోజుల్లోపు ఆవు మళ్లీ చూడి కట్టాలి, లేకపోతే వచ్చే ఏటి దూడ ఆలస్యమవుతుంది. ఆలస్యంగా పుట్టిన దూడ అమ్మకం నాటికి తేలికగా ఉంటుంది, ఆ పైఏడు ఆ ఆవు అసలు చూడే కట్టకపోవచ్చు. ముదురు ఆవు ఈనాక 50, 60 రోజుల్లో ఎదకు వస్తుంది. తొలిచూలు పెయ్యకు 80 నుంచి 100 రోజులు పడుతుంది, ఎందుకంటే అది ఇంకా తానే ఎదుగుతూ ఉంటుంది, పైగా దూడకు పాలివ్వాలి. అందుకే పెయ్యల దగ్గరికి ఆబోతుల్ని మూడు వారాలు ముందే వదులుతారు. పాతిక ఆవులకు ఒక ముదురు ఆబోతు సరిపోతుంది, ఏడాది దాటిన కుర్ర ఆబోతయితే పది పదిహేనింటికి మించి పెట్టరు. ఆబోతులన్నిటికీ ముందే వీర్య పరీక్ష చేయిస్తారు. ఒక్క ఆబోతు పనికిరానిదైతే పాతిక దూడలు పోయినట్టే. ఆ సంగతి తెలిసేది నాలుగైదు నెలల తర్వాత చూడి పరీక్షలో, అప్పటికి చేయడానికేమీ ఉండదు.

పెయ్యలు ముందు ఈనడం మొదలుపెడతాయి కాబట్టి ఇంట్లో నిద్ర కరువయ్యేది ఫిబ్రవరి ఆఖరు నుంచే. రాత్రి ప్రతి రెండు మూడు గంటలకు ఒకసారి ఎవరో ఒకరు దొడ్లోకి వెళ్లి చూడాలి. పది గంటల వంతు తాతది, ఒంటి గంట వంతు భర్తది, నాలుగు గంటల వంతు భార్యది. ఆమెకు టౌన్లో ఉద్యోగం ఉంటే ఆ నాలుగింటికి లేచినావిడే ఏడున్నరకు బయలుదేరాలి. ఇలా ఆరేడు వారాలు సాగుతుంది. మొగుడూ పెళ్లాల మధ్య మాటలు పెరిగేది, జనం చెయ్యి విరగ్గొట్టుకునేది ఎక్కువగా ఈ కాలంలోనే. కారణం పశువు కంటే నిద్రలేమే. దీనికొక తేలికైన ఉపాయం ఉంది. మేత పొద్దున కాకుండా పొద్దుగుంకే వేళ వేస్తే ఎక్కువ ఆవులు పగటిపూట ఈనుతాయి. కెనడాలోని మానిటోబాకు చెందిన గస్ కొనెఫాల్ అనే పశుపోషకుడి పేరుతో ఈ పద్ధతిని పిలుస్తారు. ఈతల కాలానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టి ఒకే వేళకు వేస్తూ పోతేనే ఫలితం ఉంటుంది. రాత్రి ఈతలు పూర్తిగా ఆగవు, కానీ ఒక వంతు తగ్గినా మనిషికి కంటినిండా నిద్ర.

కాన్పు దగ్గర చూడాల్సింది గడియారం. ఉమ్మనీటి సంచి కనబడ్డాక పెయ్యకు గంట, ఆవుకు అరగంట దాకా చూస్తారు. ఆ లోపు పని ముందుకు సాగకపోతే తొడుగు వేసుకుని చెయ్యి పెట్టి చూడాలి. గిట్టల అరికాళ్లు కిందికి ఉండి, వాటి మీద ముట్టె ఆనుకుని ఉంటే దూడ సరిగ్గా వస్తోంది. అరికాళ్లు పైకి ఉంటే చాలావరకు అవి వెనక కాళ్లు. తోక మాత్రమే చేతికి తగిలితే కాళ్లు రెండూ లోపల ముందుకు మడిచి ఉన్నాయి, దాన్ని సరిచేయకుండా లాగితే ఇద్దరూ దక్కరు. లాగాల్సి వస్తే గొలుసు వేసే తీరు ముఖ్యం. కాలి చీలమండకు పైన ఒక ఉచ్చు, కింద, గిట్టకు పైభాగాన మరో మెలిక. బలం రెండు చోట్లకు పంచుకుంటుంది. ఒక్క ఉచ్చే వేస్తే ఎముక విరగొచ్చు, విరిగిన కాలితో పుట్టిన దూడ అమ్ముడుపోదు. ఆవు నొప్పి తీసినప్పుడే లాగాలి, అది ఆగితే ఆగాలి. ఒకసారి ఎడమ కాలు, ఒకసారి కుడి కాలు లాగితే భుజాలు ఒకదాని తర్వాత ఒకటి కటి ఎముకల్లోంచి జారతాయి. తల, భుజాలు బయటపడ్డాక లాగే దిశ నేల వైపుకు తిప్పాలి. చేతి జాక్‌తో లాగే యంత్రాలు ప్రతి రాంచ్‌లోనూ ఉంటాయి. వాటితో వచ్చే ఇబ్బంది, లాగే మనిషికి ఎంత బలం పడుతోందో తెలియకపోవడం. నరాలు నలిగి ఆవు వెనక భాగం పడిపోయే కేసులు అలా వచ్చేవే. అరగంట ప్రయత్నించినా కదలకపోతే డాక్టరును పిలవాలని పుస్తకాలు చెబుతాయి. డాక్టరు 80 కిలోమీటర్ల అవతల ఉన్న ఇంట్లో ఆ అరగంట కూడా ఎక్కువే. చెయ్యి పెట్టి చూడగానే తల మరీ పెద్దదనిపిస్తే అప్పుడే ఫోన్ చేయడం మేలు. ఆలస్యంగా చేసిన సిజేరియన్‌లో దూడ ఎలాగూ పోతుంది, ఆవు కూడా పోవచ్చు.

పుట్టిన దూడను వెనక కాళ్లతో వేలాడదీసే అలవాటు చాలా చోట్ల ఉంది. నోట్లోంచి కారేది ఎక్కువగా కడుపులోని నీరు, పైగా పేగుల బరువంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది. రొమ్ము మీద కూర్చోబెట్టి, ముక్కులో గడ్డిపరక పెట్టి తుమ్మించడం మంచి పద్ధతి. తర్వాత నోట్లో వేలు పెట్టి చూడాలి. నోరు చల్లగా ఉంటే ఒళ్లు చల్లబడుతోందని అర్థం. ఒంటి వేడి 37.8 సెల్సియస్ కిందికి వస్తే జాగ్రత్త పడాలి, 34.4 కిందికి వస్తే ప్రాణం మీదికి వచ్చినట్టు. అప్పుడు దూడను ఇంట్లోకి తెచ్చి స్నానాల తొట్టిలో 38 నుంచి 40 డిగ్రీల నీళ్లలో ఉంచుతారు, తల నీళ్లలో మునగకుండా ఒకరు పట్టుకుని కూర్చుంటారు. బయటికి తీశాక వెంట్రుక మొదలు దాకా ఆరబెట్టకుండా మళ్లీ చలిలోకి వదిలితే చేసిందంతా వృథా. మార్చిలో ఆ ఊళ్లలో ఎవరింటికి వెళ్లినా వంటింటి పక్క గదిలో నేల మీద పాత తువ్వాళ్లు, తడి వెంట్రుకల వాసన ఉంటాయి.

ముర్రుపాల విషయంలో సర్దుబాటు కుదరదు. తల్లి నుంచి దూడకు రోగనిరోధక శక్తి కడుపులో ఉండగా అందదు, ముర్రుపాల ద్వారానే రావాలి. దూడ పేగులు ఆ యాంటీబాడీలను పుట్టిన మొదటి గంటల్లోనే బాగా పీల్చుకుంటాయి, 24 గంటలకు ఆ దారి మూసుకుపోతుంది. మొదటి రెండు గంటల్లో సుమారు రెండు లీటర్లు పడాలి. చీకలేని దూడకు గొట్టంతో పోస్తారు. గొట్టం మెడ ఎడమ పక్కగా దిగాక వేళ్లతో తడిమితే రెండు గొట్టాలు తగలాలి, ఒకటి ఊపిరి గొట్టం, రెండోది మనం దించినది. ఒక్కటే తగిలితే మనది ఊపిరి గొట్టంలోకి వెళ్లినట్టు. ఆ స్థితిలో పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి దూడ చస్తుంది. పదేళ్ల పిల్లలకు కూడా ఈ పని నేర్పుతారు, నేర్పేటప్పుడు ముందు చూపించేది ఈ తడమడమే.

రెండో వారంలో పారుడు రోగం వస్తుంది. రోటా, కరోనా వైరస్‌లు, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి దీనికి ముఖ్య కారణాలు. ముందు పుట్టిన దూడల కడుపులో అవి వృద్ధి చెంది నేల మీదికి వస్తాయి, వెనక పుట్టిన దూడలు వాటిని నాకి జబ్బు పడతాయి. ఈతల కాలం చివర పుట్టిన దూడలే ఎక్కువగా చచ్చిపోవడానికి ఇదే కారణం. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం పశువైద్యులు ఈ ప్రాంతపు రాంచ్‌ల మీదే పనిచేసి శాండ్‌హిల్స్ ఈతల పద్ధతి అని ఒకటి తయారుచేశారు. ఈనిన ఆవును దూడతో ఉన్నచోటే ఉంచి, ఇంకా ఈనని ఆవుల్నే కొత్త బీడుకు తోలుకుపోవాలి. మొదటి బీడులో రెండు వారాలు, తర్వాత వారానికొక బీడు. ఇలా చేస్తే మొదటి బీడు తప్పిస్తే ఏ బీడులోనైనా దూడల మధ్య వయసు తేడా ఒక వారానికి మించదు, పెద్ద దూడ నుంచి చిన్న దూడకు జబ్బు అంటుకునే దారి తెగుతుంది. ఆఖరి దూడకు నాలుగు వారాలు నిండాక అన్నిటినీ కలిపేయొచ్చు. మందుల ఖర్చు తగ్గడంతోపాటు, రోజంతా జబ్బు దూడల వెంట గొట్టం పట్టుకుని తిరిగే ఇంటి ఆడవాళ్ల పని తగ్గుతుంది. అయితే దీనికి ఏడెనిమిది బీడులు, ప్రతిదానిలో నీళ్లు కావాలి, అంత వసతి లేనివాళ్లు సగమే పాటిస్తారు.

అసలు మార్చిలో ఎందుకు ఈనించాలి? దూడ ముందు పుడితే అక్టోబరు నాటికి బరువెక్కుతుంది, అందుకని. దానికి చెల్లించే ధర 2019 మార్చిలో అందరికీ కనబడింది. ఆ నెల వచ్చిన మంచు తుపాను, వరదలు నెబ్రాస్కాలో సరిగ్గా ఈతల మధ్యలో విరుచుకుపడ్డాయి. విట్‌మన్ దగ్గర విశ్వవిద్యాలయానికి ఉన్న గుడ్‌మండ్‌సన్ క్షేత్రంలో మార్చి ఈతల్ని, మే ఈతల్ని పక్కపక్కన పెట్టి చాలా ఏళ్లు చూశారు. మేలో గడ్డి పచ్చగా ఉంటుంది, కొన్న మేత తగ్గుతుంది, దూడను తొట్టిలో ముంచాల్సిన పని రాదు. మరో పక్క దూడ తేలికగా ఉంటుంది, ఆవులు ఎదకు వచ్చే ఆగస్టు నాటికి గడ్డిలో సారం తగ్గి చూడి కట్టడం దెబ్బతింటుంది, ముఖ్యంగా కుర్ర ఆవుల్లో. డబ్బు లెక్కలో రెండూ దాదాపు దగ్గర దగ్గరగా వచ్చే ఇళ్లలో మే నెలకు మారడమే మంచిది. ఆ లెక్కలో మనిషి నిద్రకు ధర కట్టరు కాబట్టే మార్చి ఇంకా గెలుస్తోంది.

మేలో బదులు పని, జులైలో గడ్డి

దూడలు రెండు నెలలకు వచ్చేసరికి, కాల్చిన ఇనుముతో యజమాని ముద్ర పడేలా వాతలు వేసే రోజు వస్తుంది. నెబ్రాస్కా పశ్చిమ భాగంలో పశువు చేతులు మారాలంటే ముద్ర తనిఖీ తప్పనిసరి. ముద్ర చట్టం దృష్టిలో ఆస్తి, అమ్ముకోవచ్చు, వారసులకు ఇవ్వొచ్చు. ఆ రోజుకు చుట్టుపక్కల రాంచ్‌ల నుంచి పాతిక ముప్పై మంది వస్తారు. కూలి ఇవ్వరు. వాళ్ల రోజుకు వీళ్లు వెళ్లాలి, అంతా బదులు. ఎవరింటి నుంచి ఎంతమంది వచ్చారో ఎవరూ రాసుకోరు, ఎవరూ మరిచిపోరు.

గుర్రం మీది మనిషి దూడ వెనక కాళ్లకు తాడు వేసి మంట దగ్గరికి లాగుతాడు. ఇద్దరు దాన్ని పడేసి పట్టుకుంటారు, ఒకరు మెడ మీద మోకాలు ఆనించి ముందు కాలు మడిచి పడతారు, మరొకరు వెనక కూర్చుని పై కాలు లాగి పట్టి కింది కాలిని బూటుతో తోస్తారు. ఇనుము బూడిద రంగుకు రావాలి. ఎర్రగా కాలిన ఇనుముతో వేస్తే వెంట్రుకలు మండి గాయం లోతు పోతుంది, ముద్ర చెరిగిపోతుంది. మూడు నుంచి ఐదు సెకన్లు ఆనిస్తే చర్మం జీను తోలు రంగుకు వస్తుంది, అంతే చాలు. తడిసిన దూడకు వేయకూడదు, ఆవిరి పట్టి అచ్చు అలుక్కుపోతుంది. అదే చేత్తో మగ దూడలకు వట్టలు తీసేస్తారు, జబ్బవాపు లాంటి రోగాలకు టీకా వేస్తారు. టీకా మెడ చర్మం కింద వేయాలి. పిరుదు మీద వేస్తే కండలో మచ్చ పడి ఖరీదైన మాంసం పాడవుతుంది.

టీకాల సూదిపిచికారీలు కడిగేది వంటింట్లో. బతికున్న వైరస్‌తో చేసే శ్వాసరోగ టీకాకు సబ్బు గానీ క్రిమిసంహారకం గానీ చుక్క మిగిలినా అది చచ్చిపోతుంది. గిన్నెలతోపాటు సబ్బు నీళ్లలో వేసి శుభ్రంగా తోమిన పిచికారీ మూడొందల దూడలకు పనికిరాని మందు ఎక్కిస్తుంది, బయటికి ఏ తేడా కనబడదు, అక్టోబరులో దగ్గులు మొదలయ్యాకే తెలుస్తుంది. లోపలి భాగాల్ని మరిగిన నీళ్లతో మాత్రమే కడగాలి. పొడిలో నీరు కలిపాక గంటలోపు వాడేయాలి, ఆ గంటసేపూ మంచు పెట్టెలో, నీడలో ఉంచాలి.

మధ్యాహ్నం ఆ ముప్పై మందికి భోజనం పెట్టాలి. ఓవెన్‌లో రాత్రంతా నెమ్మదిగా ఉడికిన పెద్ద మాంసం ముక్కలు, బంగాళాదుంపలు, చిక్కుడు గింజలు, రొట్టెలు, పండ్ల పైలు. పనికి బదులు పని ఉన్నట్టే భోజనానికీ పేరు ఉంటుంది, ఏ ఇంట్లో తక్కువ పెట్టారన్నది పదేళ్లు గుర్తుంటుంది. కిరాణా దుకాణం గంట దూరం కాబట్టి ఇంట్లో రెండు మూడు పెద్ద ఫ్రీజర్లుంటాయి. ఏటా ఒక సొంత కోడెను ఊళ్లోని కసాయి కొట్టుకు పంపుతారు. 560 కిలోల కోడె నుంచి 220 కిలోల దాకా మాంసం వస్తుంది, అది నలుగురైదుగురున్న ఇంటికి ఏడాదికి పైనే.

ఎండాకాలం అంటే నీళ్లు. వేడి రోజున దూడతల్లి 75 లీటర్ల దాకా తాగుతుంది. 60 ఆవులున్న బీడులో తొట్టి రోజుకు 4,500 లీటర్లు నింపుకోవాలి. గాలిమర ఆగిపోతే రెండో రోజుకే ఆవులు కంచె తెంచుకుని పక్కవాళ్ల భూమిలోకి పోతాయి. గాలిమర తిరుగుతూనే, కడ్డీ పైకీ కిందికీ ఆడుతూనే, గొట్టంలోంచి నీటి ధార సన్నబడిందంటే బావి లోపలి సిలిండర్‌లో తోలు వాషర్లు అరిగినట్టు. ఇసుక నేల కాబట్టి అవి త్వరగా అరుగుతాయి. కడ్డీలను ముక్కముక్కగా పైకి లాగి వాషర్లు మార్చాలి, ఇద్దరు మనుషుల పని. పైన గేర్ల పెట్టెలో ఏడాదికి ఒకసారి నూనె మార్చాలి, మరిచిపోతే మొత్తం తల అరిగిపోతుంది. సోలార్ పంపులు వచ్చాక ఈ పని చాలా తగ్గింది. తొట్టెలన్నీ చూసి వచ్చే చుట్టు మాత్రం ఎవరో ఒకరు తిరగాల్సిందే, ఎక్కువగా అది నాయనమ్మ పని, బండిలో చిన్న మనవడు ఉంటాడు.

జులైలో లోతట్టు పచ్చిక బయళ్లలో గడ్డి కోత. 590 కిలోల ఆవు రోజుకు 13, 14 కిలోల ఎండుగడ్డి తింటుంది. నాలుగు నెలలకు, వృథా కలుపుకుని, ఆవుకు రెండు టన్నులకు కొంచెం తక్కువ. 400 ఆవులకు 750 టన్నులు, అంటే 600 కిలోల గుండ్రటి కట్టలు 1,250. చలికాలంలో కూడా దిబ్బల మీది ఎండిన గడ్డినే మేపి, పైన మాంసకృత్తుల పిండి కొంచెం పెట్టేవాళ్లకు ఇందులో సగం చాలు. తేమ 18, 20 శాతం దాటి ఉండగా కట్టలు కడితే లోపల వేడెక్కి బూజు పడుతుంది, ఒక్కోసారి వామి అంటుకుంటుంది. బాగా ఆరనిద్దామని ఆగితే వాన మీద పడుతుంది. ఈ రోజుల్లో ఇంట్లో మాటలన్నీ వాతావరణం మీదే.

గడ్డిని వరసలు చేసే ట్రాక్టరు మీద పన్నెండు పదమూడేళ్ల పిల్లలు కూర్చుంటారు. పొలం తల్లిదండ్రులదైతే ఏ వయసు పిల్లలైనా పనిచేయొచ్చని అమెరికా కేంద్ర చట్టం మినహాయింపు ఇస్తుంది, ప్రమాదకర పనులకు కూడా. చట్టం ఒప్పుకుంది కదా అని అన్ని యంత్రాలూ పిల్లలకు అప్పగించడం తప్పు. ట్రాక్టరు వెనక పనిముట్లను తిప్పే ఇరుసు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9. చెయ్యి వెనక్కి లాక్కోవాలని తోచడానికి ముప్పావు సెకను పడితే అప్పటికే చొక్కా చెయ్యి ఆరేడు చుట్లు చుట్టుకుని ఉంటుంది. ఆ ఇరుసు మీది ప్లాస్టిక్ తొడుగు పగిలితే అదే రోజు మార్చాలి, అది మార్చేదాకా పిల్లలు ఆ బండి ఎక్కకూడదు. దగ్గరి ఆస్పత్రికి గంట పట్టే చోట ఇంతకు తక్కువ నియమం చాలదు.

అదే పిల్లలకు పద్నాలుగేళ్ల రెండు నెలలు నిండితే బడికి సొంతంగా కారు నడుపుకుంటూ వెళ్లడానికి నెబ్రాస్కా ప్రత్యేక అనుమతి ఇస్తుంది. మరీ దూరమైన ఇళ్లలో, హైస్కూలు చదువు కోసం తల్లి పిల్లలతో వారమంతా టౌన్లో ఉండి శుక్రవారం ఇంటికి వచ్చే ఏర్పాటు తరాలుగా ఉంది. ఆ నాలుగేళ్లు రాంచ్‌లో ఒక మనిషి లోటు, రెండు ఇళ్ల ఖర్చు.

అక్టోబరు చెక్కు

400 ఆవుల ఇంట్లో ఏడాది బాగుంటే 355 దూడలు పాలు మానే వయసుకు వస్తాయి. 65 పెయ్యల్ని మందలోకి ఉంచుకుంటే అమ్మకానికి 290. సగటున 250 కిలోలనుకుంటే మొత్తం 72,500 కిలోలు. ఏడాదికి కుటుంబం చేతికి వచ్చే డబ్బులో పెద్ద ముద్ద ఇదే, మిగతాది వట్టిపోయిన ఆవులూ ముసలి ఆబోతులూ అమ్మితే వచ్చేది. పాలు పోసే ఇంటికి పది పదిహేను రోజులకోసారి బిల్లు చేతికొస్తుంది, ధర పడితే నెలలోనే తెలిసి సర్దుకోవచ్చు. ఇక్కడ ధర తెలిసేది ఒక్క రోజున, అప్పటికి ఖర్చంతా అయిపోయి ఉంటుంది. భూమి పన్ను కంతులు మే 1కి, సెప్టెంబరు 1కి కట్టాలి, రెండూ దూడల డబ్బు రాకముందే. కాబట్టి వసంతంలో బ్యాంకు దగ్గర తెచ్చిన పెట్టుబడి అప్పు మీదే ఇల్లు నడుస్తుంది. మార్చిలో కొన్న పిల్లల బూట్లకు అక్టోబరు దాకా వడ్డీ నడుస్తున్నట్టే.

అమ్మకంలో పోయేది సన్నటి గీతల దగ్గర. దూడ తూకానికి వెళ్లేలోపు పేడ, మూత్రం, భయంతో బరువు తగ్గుతుంది, అది కాక ఒప్పందంలో 2 నుంచి 3 శాతం తరుగు రాసుకుంటారు. 72,500 కిలోల మీద 3 శాతమంటే 2,175 కిలోలు, దాదాపు 9 దూడల బరువు. ముందే ధర కుదుర్చుకునే అమ్మకాల్లో అనుకున్న సగటు కంటే దూడలు బరువుగా తూగితే పౌనుకు ఇన్ని సెంట్ల చొప్పున ధర తగ్గించే షరతు కూడా ఉంటుంది. వేసవి బాగుండి గడ్డి పెరిగిన ఏడాది, బరువు తక్కువ అంచనా వేసి ఒప్పుకున్నవాళ్లు దీని దగ్గరే నష్టపోతారు. ఆగస్టులో ఒక ఇరవై దూడల్ని పట్టి తూచి చూస్తే అంచనా దగ్గరగా వస్తుంది.

తల్లి నుంచి విడదీయడం కూడా బరువు లెక్కే. ఒకేసారి లారీ ఎక్కిస్తే దూడ మూడు రోజులు మేత ముట్టదు, దుమ్ములో అరుస్తూ తిరిగి న్యుమోనియా తెచ్చుకుంటుంది. గట్టి కంచెకు ఇటు దూడ, అటు తల్లి ఉండేలా నాలుగైదు రోజులు ఉంచితే ముక్కులు తగులుతుంటాయి, పాలు మాత్రం దొరకవు, నాలుగో రోజుకు రెండూ మేతలో పడతాయి. అదే వారం డాక్టరు వచ్చి ఆవులన్నిటికీ చూడి పరీక్ష చేస్తాడు. చూడి కట్టని ఆవుకు చలికాలమంతా రెండు టన్నుల గడ్డి పెట్టి వచ్చే ఏడాది దూడ రాకపోతే నష్టం కాబట్టి దాన్ని అప్పుడే అమ్మేస్తారు.

ఈ లెక్కలో భార్య, పిల్లలు, తాత చేసిన పనికి జీతం గీత ఎక్కడా ఉండదు. రాత్రి వంతులు, దూడల రికార్డు, బ్యాంకు కాగితాలు, ముప్పై మందికి వంట, ఇవన్నీ కూలికి పెట్టుకుంటే చాలా రాంచ్‌లు నష్టాల్లోనే తేలతాయి. అందుకే ఇంట్లో ఒకరు బయట ఉద్యోగం చేయడం దాదాపు నియమమైంది. టీచరు, నర్సు, కౌంటీ ఆఫీసు గుమాస్తా. జీతం కంటే ఆ ఉద్యోగంతో వచ్చే ఆరోగ్య బీమా ముఖ్యం, సొంతంగా కొనుక్కుంటే ఆ ప్రీమియం కట్టడానికి ఏటా ఎన్నో దూడలు పోతాయి. ఆ ఉద్యోగాన్ని రాంచ్‌కు పెట్టుబడిగా కాకుండా ఆమె సొంత సరదాగా చూసే ఇళ్లలో తగువులు ఎక్కువ.

ఎవరికి ఏ గట్టు

అన్నిటికంటే కష్టమైన పని పంపకం. తండ్రికి డెబ్బై ఐదు, కొడుకుకు నలభై ఐదు, ఇరవై ఏళ్లుగా తక్కువ జీతానికి, ఏదో ఒక రోజు నీదే అన్న మాట మీద పనిచేస్తున్నాడు. చెల్లెలు ఒమాహాలో, తమ్ముడు డెన్వర్‌లో. భూమి ధర చూస్తే ముగ్గురూ కోటీశ్వరులు, దూడల ఆదాయం చూస్తే ఒక్క ఇల్లే గడుస్తుంది. మిగతా ఇద్దరి వాటా భూమి ఆదాయంతో కొనాలంటే ఒక జీవితకాలం చాలదు. వీలునామాలో ముగ్గురికీ సమానంగా, విడదీయకుండా రాసేస్తే పెద్దాయన మనసుకు తృప్తి, కానీ వాళ్లలో ఏ ఒక్కరు కోర్టుకు వెళ్లినా మొత్తం అమ్మి పంచాల్సిన పరిస్థితి వస్తుంది.

పనిచేసిన ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. పశువుల్ని, భూమిని వేర్వేరు ఆస్తులుగా చూడడం మొదటిది. కొడుక్కి జీతంలో కొంత భాగం ఏటా పెయ్యల రూపంలో ఇస్తే పదేళ్లలో మందలో మంచి వాటా అతని ముద్ర మీదికి వస్తుంది. భూమిని కంపెనీ పేర పెట్టి వాటాలు పంచి, అమ్ముకోవాలనుకున్నవాళ్లు ముందు ఇంట్లోవాళ్లకే, ముందే రాసుకున్న లెక్క ప్రకారం, కొన్నేళ్ల కంతుల మీద అమ్మాలని ఒప్పందం రాస్తారు. బయట ఉన్న పిల్లల కోసం తండ్రి పేర జీవిత బీమా తీసుకుంటారు. అరవై ఏళ్లకు తీసుకుంటే ప్రీమియం భరించగలరు, డెబ్బై ఐదుకు భరించలేరు. వృద్ధాశ్రమ ఖర్చు ఇంకో గండం. ఆ ఖర్చు ప్రభుత్వం మెడికెయిడ్ అనే పేదల వైద్య పథకం కింద పెట్టుకోవాలంటే దరఖాస్తుకు ముందు ఐదేళ్లలో ఆస్తి ఎవరికైనా ఊరికే ఇచ్చారేమో చూస్తారు. ఇచ్చి ఉంటే కొంతకాలం సాయం ఆగుతుంది. అంటే ఈ మాటలు ఆరోగ్యంగా ఉండగానే మొదలవ్వాలి, ఈతలూ గడ్డి కోతలూ లేని డిసెంబరులో, కోడలిని కూడా కూర్చోబెట్టి.

నేలను పంచక తప్పకపోతే పటం మీద గీత ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. ఎకరాలు సమానంగా వచ్చాయని ఒకరికి దిబ్బలన్నీ, మరొకరికి లోతట్టు పచ్చిక బయలంతా రాస్తే మొదటివాళ్లకు చలికాలం గడ్డి ఉండదు, రెండోవాళ్లకు వేసవి మేపు ఉండదు. ఇద్దరివీ రాంచ్‌లు కావు. ప్రతి వాటాలోనూ కొంత కోత గడ్డి, కనీసం రెండు నీటి తొట్టెలు, లారీ వచ్చే దారి ఒకటి పడేలా గీస్తే ఎకరాల్లో తేడా వచ్చినా ఆ తేడాను డబ్బుతో సరిచేసుకోవచ్చు.